పళ్ళెంలో గోలీలు – గ్లాసులో నీళ్ళు

పిల్లలూ! మీ నోటుపుస్తకంలో ఎప్పుడో ఒకప్పుడు మూడు డబ్బాలు గీసే ఉంటారు. మొదటి డబ్బాలో చుక్కలన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని బారులు తీరి ఉంటాయి. దాని కింద ‘ఘనం’ అని రాస్తారు. రెండో డబ్బాలో చుక్కలు కాస్త దూరం దూరంగా ఉంటాయి. అది ‘ద్రవం’. మూడో డబ్బాలో నాలుగైదు చుక్కలు మాత్రం ఎవరో విసిరేసినట్టు అక్కడక్కడ ఉంటాయి. అది ‘వాయువు’.

మీ వయసులో నేనూ అలాగే గీశాను. బి.ఇడి. చదివి, సుద్దముక్క చేతబట్టిన తరువాత కూడా ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద అలాగే గీశాను. ఆ మూడు డబ్బాలలో ఒకటి తప్పు అని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి.

మాది ముస్తాబాద్. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోది. 2016 నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. సుమారు పదేళ్ళ కిందట ఒక పరీక్షలో ఈ మూడు డబ్బాల ప్రశ్న ఇచ్చాను. ఆ అమ్మాయి ద్రవం డబ్బాలో కూడా చుక్కలను కిక్కిరిసినట్టే గీసింది. కాకపోతే బారులు లేవు, అంతా వంకరటింకరగా ఉంది. నేను ఎర్రసిరాతో కొట్టివేసి, నాలుగు మార్కులకు రెండే వేశాను. కాగితాలిచ్చిన రోజు సాయంత్రం ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

“సార్, మీరు గీసినట్టు నీళ్ళల్ల కణాలు దూరం దూరం ఉంటే, గిలాసల ఐసుగడ్డ కరిగినప్పుడు నీళ్ళు పొర్లిపోవాలె గద! ఎందుకు పొర్లుత లేవు?”

“పుస్తకంల ఎట్లుంటే అట్లనే గియ్యాలె బిడ్డా, లేకుంటే మార్కులు పోతయి” అన్నాను.

ఆమె మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది. కాని ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆ రాత్రి కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేశాను. ఆ లెక్కను మీరూ ఒకసారి వేసి చూడండి.

సుద్దముక్క లెక్క

ఘనం బొమ్మలో రెండు చుక్కల నడిబిందువుల మధ్య దూరం 1 సెంటీమీటరు అనుకుందాం. ద్రవం బొమ్మలో నేను ఆ దూరాన్ని 2 సెంటీమీటర్లు చేశాను. బొమ్మ నల్లబల్ల మీద ఉంది కనుక మనకు పొడవు, వెడల్పు మాత్రమే కనిపిస్తాయి. కాని గ్లాసుకు లోతు కూడా ఉంది కదా! పొడవున రెట్టింపు, వెడల్పున రెట్టింపు, లోతున రెట్టింపు. 2 × 2 × 2 = 8. అంటే నా బొమ్మే నిజమైతే, ఒక గ్లాసు గడ్డ కరిగితే ఎనిమిది గ్లాసుల నీళ్ళు కావాలి! అలా ఎక్కడైనా అవుతుందా?

నిజంగా ఏమవుతుందో చూడండి. 100 ఘనపు సెంటీమీటర్ల మంచుగడ్డ కరిగితే వచ్చేవి సుమారు 92 ఘనపు సెంటీమీటర్ల నీళ్ళే. పెరగడం మాట అటుంచి, తగ్గింది! నీటి సంగతి కొంచెం వింత, దాన్ని చివర చూద్దాం. మైనం, నెయ్యి, కొబ్బరినూనె, ఇంకా చాలా పదార్థాలు కరిగినప్పుడు పెరుగుతాయి. చలికాలం పొద్దున కొబ్బరినూనె డబ్బా తెరిచి చూడండి. గడ్డకట్టిన నూనె నడుమ చిన్న గుంట పడి ఉంటుంది. నూనె గడ్డకట్టేటప్పుడు కాస్త కుంచించుకుపోయిందన్నమాట. మరి ‘కాస్త’ అంటే ఎంత? ఇలాంటి చాలా పదార్థాలలో నూటికి పది పాళ్ళకు అటూ ఇటూ, అంతే.

ఘనపరిమాణం నూటికి తొమ్మిది, పది పాళ్ళు పెరగాలంటే కణాల మధ్య దూరం ఎంత పెరగాలి? నూటికి మూడు పాళ్ళు పెరిగితే చాలు! నమ్మకం లేకపోతే 1.03 × 1.03 × 1.03 గుణించి చూడండి. సుమారు 1.09 వస్తుంది. అంటే ఘనం బొమ్మలో చుక్కల మధ్య 1 సెంటీమీటరు ఉంటే, ద్రవం బొమ్మలో ఆ పైన మిల్లీమీటరులో మూడో వంతు ఎక్కువ ఉండాలి. సుద్దముక్కతో గీసే గీత మందం కూడా అంతకన్నా ఎక్కువే!

కాబట్టి ఆ అమ్మాయి గీసిందే సరైన బొమ్మ. నేను కొట్టివేసింది సరైన జవాబును.

అయితే ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉంది. కణాల దూరంలో అంత కొద్ది తేడాయే ఉంటే, రాయిలా గట్టిగా ఉన్న పదార్థం కరగగానే ఎలా పారుతున్నది? తేడా దూరంలో లేదంటే మరెక్కడ ఉంది? ఈ సంగతి గోలీలను అడుగుదాం.

పళ్ళెంలో మూడు లోకాలు

కావలసినవి: అంచు ఉన్న పెద్ద స్టీలు పళ్ళెం, ఒకే సైజు గోలీలు ఒక అరవై (మా వైపు వీటినే గోటీలంటారు). గోలీలు దొరక్కపోతే గుండ్రటి ఎండు బఠానీలైనా సరే. ఒక గోలీకి మాత్రం రంగు పూసి ఆరనివ్వండి.

మొదట పళ్ళెం ఒకవైపు అంచు కింద ఒక పుస్తకం పెట్టండి. గోలీలన్నీ పల్లానికి చేరుతాయి. ఇప్పుడు పళ్ళేన్ని వేలితో మెల్లగా తడుతూ ఉండండి. గోలీలు సర్దుకుంటూ సర్దుకుంటూ బారులు తీరతాయి. మధ్యలో ఉన్న ఏ గోలీని చూసినా దాని చుట్టూ సరిగ్గా ఆరు గోలీలు ఉంటాయి. మెల్లగా తట్టినంత సేపూ ప్రతి గోలీ ఉన్న చోటనే వణుకుతుంది గాని, పక్కవాళ్ళను వదిలిపోదు. ఇదీ ఘనపదార్థం. రాయిలోనైనా, ఇనుములోనైనా కణాలు కదలకుండా కూర్చుంటాయనుకోకండి సుమా! అవి ఎల్లప్పుడూ వణుకుతూనే ఉంటాయి.

ఇప్పుడు పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకొని, వాలు పోకుండా కాస్త గట్టిగా అటూ ఇటూ ఊపండి. బారులు చెదిరిపోతాయి. రంగు గోలీ మీద కన్నువేసి ఉంచండి. దాని పక్కన ఉన్నవాళ్ళు మారిపోతూ ఉంటారు. ఒకటి తప్పుకుంటే ఇంకొకటి వచ్చి చేరుతుంది. కాని మొత్తం గుంపు ఆక్రమించిన చోటు మాత్రం కొద్దిగానే పెరిగింది. పళ్ళేన్ని ఇంకోవైపు వంచితే గుంపంతా అటు పారుతుంది. ఇదీ ద్రవం.

చిక్కు విడిపోయింది కదూ! ఘనానికీ ద్రవానికీ అసలు తేడా దూరంలో లేదు. వరుస చెడిపోవడంలో, ఇరుగుపొరుగును మార్చుకునే స్వేచ్ఛ రావడంలో ఉంది.

ఇక మూడోది. ఆరేడు గోలీలు మాత్రం ఉంచి మిగతావన్నీ తీసివేయండి. పళ్ళేన్ని సమంగా పట్టుకొని జోరుగా ఊపండి. గోలీలు తిన్నగా దూసుకుపోయి ఒకదాన్నొకటి ఢీకొని, అంచుకు తగిలి, టంగుటంగుమని వెనక్కి వస్తాయి. ఆ టంగుటంగును జాగ్రత్తగా వినండి. సైకిలు ట్యూబులో గాలి రబ్బరును లోపలినుండి నెట్టేది ఇలాంటి దెబ్బలతోనే. లెక్కలేనన్ని కణాలు ఎడతెరిపి లేకుండా కొట్టే దెబ్బలనే మనం పీడనం అంటున్నాం.

సిరంజి సాక్ష్యం

గోలీలు చెప్పిన మాటను వెంటనే నమ్మేయకండి. దానికి సాక్ష్యం కావాలి. మందుల దుకాణం నుండి 10 మిల్లీలీటర్ల కొత్త సిరంజి తెచ్చుకోండి. సూది అక్కర్లేదు. 10 గీత దాకా గాలి పీల్చి, కొనను బొటనవేలితో గట్టిగా మూసి, ముషలకాన్ని నెట్టండి. గాలి సగం దాకా నొక్కుకుపోతుంది. వదిలితే వెనక్కి వస్తుంది. ఇప్పుడు గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపి నెట్టండి. ఎంత బలం పెట్టినా ముషలకం కదలదు.

నీళ్ళలో కణాల మధ్య నా పాత బొమ్మలో ఉన్నంత ఖాళీ ఉంటే, నొక్కినప్పుడు అవి దగ్గరకు రావద్దూ? నీళ్ళు నొక్కుడుపడవు అన్న ఒక్క మాట చాలు, ఆ బొమ్మను చెరిపివేయడానికి.

గుండ్లతో ఆడిన శాస్త్రజ్ఞుడు

గోలీలతో పాఠమేమిటి, పిల్లలాట కాకపోతే అని ఎవరైనా నవ్వితే వాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

లండన్‌లో జాన్ డెస్మండ్ బెర్నాల్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1950ల చివరలో ఆయనకు కూడా ద్రవం బొమ్మ తలనొప్పి తెచ్చిపెట్టింది. ద్రవంలో కణాలకు వరుస ఉండకూడదు, కిక్కిరిసి మాత్రం ఉండాలి. అలాంటి నమూనా చెయ్యడం ఎలా? మనిషి చేతితో పేరిస్తే తెలియకుండానే వరుస వచ్చేస్తుంది. అందుకని ఆయన బంతులను, పుల్లలను తన గదిలోనే పెట్టుకొని, ఎవరో ఒకరు వచ్చి పనికి అడ్డుపడుతూ ఉండగా నమూనా కట్టాడు. ముందు ఏం చేశాడో తనకే గుర్తుండకూడదని! ఆ తరువాత ఆయనా, ఆయన సహచరులూ వేలకొద్దీ ఉక్కుగుండ్లను ఒక తిత్తిలో నింపి, కుదిపి, మధ్యలోకి రంగు పోసి ఆరబెట్టారు. తరువాత ఒక్కొక్క గుండు తీసి, పక్క గుండ్లు తగిలిన గుర్తులను లెక్కపెట్టారు.

ఈ రకం ప్రయోగాలలో ఒక విలువైన అంకె బయటపడింది. గుండ్లను గజిబిజిగా ఎంత గట్టిగా కూరినా అవి నింపేది మొత్తం చోటులో నూటికి 64 పాళ్ళే. మరి చక్కగా పేరిస్తే? అంగడిలో బత్తాయిలు అమ్మేవారు ఒక్కొక్క కాయను కింది కాయల మధ్య గుంటలో కూర్చోబెట్టి గోపురంలా పేరుస్తారే, ఆ పద్ధతిలో నూటికి 74 పాళ్ళు నిండుతుంది. అంతకన్నా దగ్గరగా పేర్చడం అసాధ్యమని 1611లో జోహాన్నెస్ కెప్లర్ ఊహించాడు. దాన్ని థామస్ హేల్స్ అనే గణితజ్ఞుడు నిరూపించింది 1998లో. ఆ నిరూపణను కంప్యూటర్ సహాయంతో పూర్తిగా సరిచూసింది 2014లో!

ఇప్పుడు ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి. 74ను 64తో భాగిస్తే సుమారు 1.16. అంటే గుండ్లను ఒకదానినుండి ఒకటి విడదీయకుండానే, వరుస చెదిరినంత మాత్రాన చోటు నూటికి 15, 16 పాళ్ళు పెరిగింది. ఆర్గాన్ అనే వాయువు కణాలు గోలీల్లాగే గుండ్రనివి. ఆర్గాన్‌ను బాగా చల్లబరచి గడ్డకట్టించి, మళ్ళీ కరగనిస్తే అది పెరిగేది నూటికి 14, 15 పాళ్ళు. గుండ్ల ఆట ప్రకృతికి ఎంత దగ్గరగా వచ్చిందో చూశారా!

సబ్బు బుడగల తెప్ప

ఇంకొక నమూనా ఉంది. దీన్ని 1947లో లారెన్స్ బ్రాగ్, జె. ఎఫ్. నై అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు లోకానికి చూపారు. బ్రాగ్ సామాన్యుడు కాడు. ఎక్స్ కిరణాలతో స్ఫటికాల నిర్మాణం కనిపెట్టినందుకు 1915లో తండ్రితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నవాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

మీరూ చెయ్యవచ్చు. వెడల్పాటి పళ్ళెంలో సబ్బునీళ్ళు పోయండి. నాలుగు చుక్కలు గ్లిజరిన్ కలిపితే బుడగలు త్వరగా పగలవు. ఖాళీ అయిన పెన్ను రీఫిల్ ముక్కును తీసివేసి, శుభ్రంగా కడిగి, సిరంజి కొనకు తొడగండి. సందు ఉంటే టేపు చుట్టండి. నోటితో మాత్రం ఊదకండి. రీఫిల్ రెండో కొనను నీళ్ళలో ముంచి, ముషలకాన్ని ఒకే తీరుగా మెల్లగా నెడితే దాదాపు ఒకే సైజు చిన్న బుడగలు వస్తాయి. అవి నీటిపైన తేలుతూ, ఒకదాన్నొకటి లాక్కొని, తేనెపట్టులాగా బారులు తీరతాయి.

గమనించండి, గోలీలకు లేని గుణం బుడగలకు ఉంది. అవి దూరంగా ఉంటే దగ్గరకు లాక్కుంటాయి, మరీ దగ్గరకు నొక్కితే నెట్టుకుంటాయి. పదార్థంలోని కణాలు కూడా ఇంచుమించు ఇంతే. తెప్పను పరీక్షగా చూస్తే ఒక ప్రాంతంలో బారులు ఒకవైపు, ఇంకొక ప్రాంతంలో ఇంకొకవైపు తిరిగి ఉంటాయి. వాటి మధ్య సరిహద్దు గీత కనిపిస్తుంది. ఒకచోట ఒక బారు మధ్యలోనే తెగిపోయి ఉంటుంది. తెప్పను అగ్గిపుల్లతో నెమ్మదిగా నెడితే ఆ తెగిన చోటు బారునుండి బారుకు జరిగిపోతుంది. రాగితీగ విరగకుండా వంగుతుందంటే దాని లోపల జరిగేది ఇలాంటి జరుగుడే.

బడి మైదానంలో

ఇక ఖర్చులేని నమూనా మీరే! నలభైమంది ఉంటే చాలు.

ఘనం: బారులు తీరి, పక్కవాని భుజం మీద చెయ్యి వేసి, ఉన్నచోటనే ఊగండి. చెయ్యి వదలరాదు.

ద్రవం: ఎప్పుడూ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకొని ఉండాలి. కాని ఆ ఎవరో మారుతూ ఉండాలి. ఒకరిని వదిలి ఇంకొకరిని అందుకుంటూ ముందుకు సాగండి. శివరాత్రికి వేములవాడ వెళ్ళినవారికి ఇది చెప్పకుండానే తెలుసు. జనం మధ్య చీమ దూరే సందు లేకపోయినా గుంపు కదులుతూనే ఉంటుంది. మన పక్కన ఉండే మనుషులు నిమిషానికొకరు మారుతూనే ఉంటారు.

వాయువు: చేతులు వదిలి తిన్నగా నడవండి. ఎవరైనా తగిలితే, గోడ తగిలితే తిరగండి. అయితే ఇక్కడ కొలత తప్పకూడదు. 1 గ్రాము నీరు 1 ఘనపు సెంటీమీటరు చోటు తీసుకుంటుంది. అదే నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఆవిరైతే సుమారు 1,670 ఘనపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. 12 × 12 × 12 = 1,728 కదా! అంటే ఆవిరిలో కణాల మధ్య దూరం నీటిలో ఉన్నదానికి ఇంచుమించు 12 రెట్లు. ఘనంగా నిలబడినప్పుడు ఒక్కొక్కరికి అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు చోటు చాలనుకుంటే, నలభైమందికి 10 చదరపు మీటర్లు. వాయువు కావాలంటే పొడవున 12 రెట్లు, వెడల్పున 12 రెట్లు, అంటే 1,440 చదరపు మీటర్లు! పెద్దల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అలాంటివి పదకొండు కావాలి.

మొదటిసారి మేము ఈ ఆట ఆడినప్పుడు మైదానం చాలలేదు. “సార్, వాయువు బడి గోడ దాటి పోయింది” అని పిల్లలు నవ్వారు. ఆ నవ్వులోనే వారికి పాఠం అర్థమైపోయింది. ఘనం నుండి ద్రవానికి వేసేది చిన్న అడుగు, ద్రవం నుండి వాయువుకు వేసేది పెద్ద అంగ. నా పాత బొమ్మలో రెండు అడుగులూ సమానంగా ఉండేవి.

బొమ్మ ఎక్కడ అబద్ధమాడుతుంది?

ఇంతవరకు గోలీలను, బుడగలను మెచ్చుకున్నాం. ఇక వాటిని నిలదీద్దాం. ప్రతి నమూనా కొంత నిజం చెబుతుంది, కొంత అబద్ధమాడుతుంది. ఏది ఏదో తెలియకపోతే ప్రమాదం.

మొదటి అబద్ధం: మీరు ఊపడం ఆపగానే గోలీలు ఆగిపోతాయి. మరి గ్లాసులో నీళ్ళను ఎవరు ఊపుతున్నారు? ఎవరూ లేరు. ఆ కదలికే వేడి. పదార్థాన్ని వేడిచేయడం అంటే కణాల కదలికను పెంచడమే. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడి రేణువుల లోపలినుండి వచ్చిన అతి సన్నని నలుసులను నీటిలో వేసి సూక్ష్మదర్శినితో చూశాడు. అవి ఎడతెగకుండా అటూ ఇటూ గంతులు వేస్తున్నాయి! ప్రాణమున్నందువల్ల కాబోలుననుకొని, ప్రాణంలేని రాతిపొడిని వేసి చూశాడు. అదీ గంతులు వేసింది. కంటికి కనిపించని నీటి కణాలు అన్నివైపులనుండీ కొట్టడంవల్లనే ఇది జరుగుతున్నదని 1905లో ఐన్‌స్టీన్ లెక్కకట్టి చూపాడు. జీన్ పెరిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1908 నుండి ప్రయోగాలు చేసి ఆ లెక్క నిజమని రుజువు చేశాడు. అణువులున్నాయా లేవా అన్న పాత తగువు అంతటితో తీరింది. పెరిన్‌కు 1926లో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండో అబద్ధం: గోలీలు ఒకదాన్నొకటి లాక్కోవు. నేల మీద పోస్తే చెల్లాచెదురవుతాయి. కాని చామాకు మీద నీటిచుక్క గుండ్రంగా నిలబడుతుంది. నీటి కణాలు ఒకదాన్నొకటి లాక్కోకపోతే అలా నిలబడేదా? గోలీలు దీన్ని చూపలేవు. బుడగలు కొంత చూపుతాయి.

మూడో అబద్ధం: దీన్ని పట్టుకున్నదీ ఒక విద్యార్థే. “సార్, గోటీల నడుమ గాలి ఉన్నది. మరి గాలి కణాల నడుమ ఏమున్నది?” అని అడిగాడు. తరగతిలో సగంమంది ‘గాలి’ అనే అన్నారు. ఆలోచించండి. గాలి అంటేనే ఆ కణాలు. కణాలకూ కణాలకూ మధ్య ఏ పదార్థమూ లేదు. వట్టి ఖాళీ! ఆ ఖాళీలోనే గాలి కణాలు సెకనుకు సగటున అరకిలోమీటరు వేగంతో పరుగెత్తుతున్నాయి. అంత వేగం ఉండీ, గదిలో ఒక మూల వెలిగించిన ఊదుబత్తి వాసన ఇంకో మూలకు వెంటనే రాదెందుకు? ఏ కణమూ తిన్నగా పోలేదు. అడుగడుగునా ఇంకో కణానికి తగిలి దారి మారిపోతుంది. గది గాలి కదలిక తోడైతేనే వాసన త్వరగా చేరుతుంది.

నాలుగో అబద్ధం: సైజు. 1 సెంటీమీటరు పొడవున నీటి కణాలను నీళ్ళలో ఉన్నంత దగ్గరగా వరుసపెడితే 3 కోట్లకు పైగా పడతాయి. 18 గ్రాముల నీటిలో, అంటే ఒక గుక్కెడు నీళ్ళలో, 6 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కణాలు ఉంటాయి. ఇంకొక మాట. వేడిచేస్తే కణాలు ఉబ్బుతాయని, మంచు కరిగితే కణాలు మెత్తబడతాయని రాసేవారున్నారు. కాదు. మంచులోనూ, నీళ్ళలోనూ, ఆవిరిలోనూ ఉన్నది అదే కణం. మారింది దాని నడత మాత్రమే.

నీటి వింత

చివర చూద్దామన్న సంగతి ఇదే. చాలా పదార్థాలు కరిగితే పెరుగుతుంటే, మంచు కరిగితే ఎందుకు తగ్గుతుంది? దీనికి గోలీల దగ్గర జవాబు లేదు. కొత్త నమూనా కావాలి.

బంకమట్టితో చిన్న ఉండలు, ఒక పిడికెడు వాడేసిన అగ్గిపుల్లలు తీసుకోండి. ప్రతి ఉండకూ నాలుగే పుల్లలు, నాలుగూ నాలుగు వైపులకు ఎడంగా గుచ్చి, ఆ పుల్లలతో ఉండలను ఒకదానికొకటి కలుపుతూ పోండి. ఆరేసి ఉండలతో వలయాలు ఏర్పడతాయి. లోపల పెద్ద ఖాళీలు మిగిలిపోతాయి. మంచులో నీటి కణాలు ఇలాగే ఉన్నాయి. ప్రతి కణమూ నాలుగు కణాలతోనే చేతులు కలిపి, దూరంగా నిలబడి బోలు కట్టడం కట్టింది. ఇప్పుడు ఆ కట్టడాన్ని అరచేతితో కాస్త అదమండి. కొన్ని పుల్లలు ఊడతాయి, ఉండలు ఖాళీలలోకి జారతాయి, మొత్తం చిన్నదైపోతుంది. మంచు కరగడం అంటే ఇంచుమించు ఇదే. అందుకే 100 ఘనపు సెంటీమీటర్లు 92 అయింది. అందుకే ఐసుముక్క నీటిపైన తేలుతుంది. అందుకే చలిదేశాల చెరువులు పైన గడ్డకట్టినా అడుగున చేపలు బతుకుతున్నాయి.

రెండు మార్కులు

లెక్క వేసిన మరునాడు నేను ఐసుగడ్డను గ్లాసులో వేసుకొని తరగతికి వెళ్ళాను. నల్లబల్ల మీద నా మూడు డబ్బాలు గీశాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నను అందరికీ వినిపించి, 2 × 2 × 2 లెక్క వారిచేతనే చేయించాను. గడ్డ కరిగింది, గ్లాసు పొర్లలేదు. “నా బొమ్మ తప్పు, ఈమె బొమ్మ ఒప్పు” అని చెప్పి, పరీక్ష కాగితం తెప్పించి, కొట్టివేసిన చోట మళ్ళీ రెండు మార్కులు వేశాను. ఆ అమ్మాయి కాగితం కేసి చూసి, “మరి బుక్కులది గూడ మారుస్తరా సార్?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇకమీదట ఏ పుస్తకంలోనైనా, ఎవరి నల్లబల్ల మీదనైనా, చివరికి ఈ వ్యాసంలోనైనా ఒక బొమ్మ కనిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఈ బొమ్మ చెబుతున్నది ఏమిటి? అది నిజమైతే మన ఇంట్లో, వంటగదిలో ఏం జరగాలి? నిజంగా అలాగే జరుగుతున్నదా?

మూడో ప్రశ్నకు ‘లేదు’ అని జవాబు వస్తే భయపడకండి. మీ ఉపాధ్యాయుల దగ్గరకు వెళ్ళి మర్యాదగా అడగండి. వెంట ఒక గ్లాసూ, ఒక ఐసుగడ్డా తీసుకొని వెళ్ళండి.